ఇనుమంత బరువు... గాజంత తేట!

కంటికి కనిపించని గామా కిరణాన్ని ఆపాలంటే లోహమంత బరువైన పదార్థం కావాలి. ఆపినట్టు మనకు తెలియాలంటే అదే పదార్థం అద్దంలా తేటగానూ ఉండాలి. ఈ రెండు లక్షణాలూ ఒక్క స్ఫటికంలో కుదరడానికి శాస్త్రజ్ఞులకు దశాబ్దాలు పట్టింది. ఆ ప్రయాణంలో కొంతదూరం హైదరాబాద్ ఆకాశం మీదుగానే సాగింది.

పాతబస్తీలో చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్లినవాళ్లు ఖిల్వత్ దర్బారు హాల్లో అడుగుపెట్టగానే ముందు తలెత్తి చూస్తారు. పైనుంచి వేలాడే 19 బెల్జియం క్రిస్టల్ షాండ్లియర్లు అలాంటివి మరి! నిజాముల వైభవం సంగతి అలా ఉంచితే, ఆ 'క్రిస్టల్' అనే మాటలో చిన్న తిరకాసు ఉంది. శాస్త్రం లెక్కలో అవి స్ఫటికాలు కావు. గాజే. కాకపోతే మామూలు గాజు కాదు. ఇలాంటి గాజులో సాధారణంగా సీసం ఆక్సైడ్ కలుపుతారు. అందుకే చేతిలోకి తీసుకుంటే బరువుగా ఉంటుంది, దీపం వెలిగిస్తే రంగులు చిమ్ముతుంది.

బరువు, తేటదనం... ఈ రెంటినీ కాసేపు గుర్తుపెట్టుకుని బయటికొచ్చి నాలుగడుగులు వేస్తే మక్కా మసీదు. 1617లో మొదలై 1694లో పూర్తయిన ఆ కట్టడమంతా మన ప్రాంతపు గ్రానైటే. హైదరాబాద్ చుట్టూ ఎక్కడ చూసినా గుట్టలు గుట్టలుగా పడి ఉండే రాయి అది. గ్రానైట్ అంటే అందులో పొటాషియం తప్పకుండా ఉంటుంది. ప్రకృతిలో దొరికే ఏ పొటాషియంలోనైనా పదివేల పరమాణువులకు ఒకటి చొప్పున పొటాషియం-40 అనే రేడియోధార్మిక రకం ఉంటుంది. దాన్నుంచి అప్పుడప్పుడూ ఒక గామా కిరణం వెలువడుతుంది. అంటే నాలుగు వందల ఏళ్లుగా భక్తులు ఆనుకుని కూర్చుంటున్న ఆ రాళ్లు రాత్రింబవళ్లు గామా కిరణాలు వదులుతూనే ఉన్నాయన్నమాట. కంగారుపడాల్సిన పనేం లేదు. మన ఒంట్లోనూ ఇదే పొటాషియం ఉంది. ఒక మనిషి శరీరంలో సెకనుకు నాలుగు వేలకు పైగా ఇలాంటి పరమాణువులు విచ్ఛిన్నమవుతూ ఉంటాయి.

ఇంతకీ ఆ కిరణం వచ్చిందని తెలిసేదెలా? కంటికి కనపడదు. చేతికి తగలదు. షాండ్లియర్ గాజులోంచి కూడా చప్పుడు లేకుండా దూసుకుపోతుంది. ఒకవేళ ఆ గాజులో ఆగినా బయటికి ఏ కబురూ చెప్పదు. ఆగిన కిరణం శక్తిని కాంతిగా మార్చి చూపించే పదార్థం ఒకటి కావాలి. దానిపేరే సింటిలేటర్. కిరణం తగలగానే లోపల మిణుగురులా తళుక్కుమంటుంది. ఎంత శక్తి ఉన్న కిరణమైతే అంత ఎక్కువ వెలుగు. ఆ తళుకుని కొలిస్తే కిరణం శక్తి తెలుస్తుంది. శక్తి తెలిస్తే అది ఏ పరమాణువు నుంచి వచ్చిందో చెప్పేయొచ్చు. పొటాషియంది 1.46 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. యురేనియం ఉన్నచోట 1.76 దగ్గర, థోరియం ఉన్నచోట 2.61 దగ్గర గీత కనిపిస్తుంది. వేలిముద్రల్లాంటివి ఇవి, ఒకదానిది ఒకదానికి రాదు.

హైదరాబాద్ బేగంపేటలో ప్రధాన కార్యాలయమున్న అణు ఖనిజాల అన్వేషణ సంస్థ ఏఎండీ చేసే పనికి మూలం ఈ వేలిముద్రలే. కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం నిక్షేపాల ఆనుపానులు తేల్చింది ఆ సంస్థే. భుజాన వేసుకునే పెట్టెల్లోనైనా, విమానాల్లో అమర్చే పెద్ద పరికరాల్లోనైనా ఇలాంటి సర్వేలకు చిరకాలంగా నమ్మకమైన సాధనం ఒకటుంది. ఒక స్ఫటికం. చూడ్డానికి ఉప్పుగల్లు, వరసకి కూడా ఉప్పుకి చుట్టమే!

బిర్యానీలో కుంకుమపువ్వులా...

చీకటిగదిలో గంటలతరబడి కూర్చుని, జింక్ సల్ఫైడ్ తెర మీద మెరిసే చుక్కల్ని కళ్లతో లెక్కపెట్టుకునేవారు ఒకప్పటి శాస్త్రజ్ఞులు. విలియం క్రూక్స్ 1903లో కనిపెట్టిన పద్ధతి అది. రూథర్‌ఫర్డ్ శిష్యులు పరమాణు కేంద్రకం ఉనికిని బయటపెట్టింది అలా కళ్లు కాయలు కాచేలా చూసే. అయితే ఆ తెర ఆల్ఫా కణాలకే పనికొచ్చింది. గామా కిరణానికి అంత పల్చటి పొర ఒక లెక్కా!

1948లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ హాఫ్‌స్టాటర్ మనం కూరలో వేసుకునే ఉప్పుకి దగ్గర చుట్టమైన సోడియం అయోడైడ్‌ని తీసుకున్నాడు. దాన్ని కరిగించి, చిటికెడు థాలియం కలిపి స్ఫటికంగా గడ్డకట్టించాడు. బిర్యానీలో కుంకుమపువ్వు ఎంత? అంతే కలపాలి. కానీ రుచంతా అక్కడే ఉంది. కిరణం వదిలిన శక్తి స్ఫటికమంతా తిరిగి చివరికి థాలియం అణువు దగ్గర చేరి నీలికాంతిగా బయటపడుతుంది. ఒక మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తికి సుమారు 38 వేల కాంతి కణాలు! మక్కా మసీదు రాయి నుంచి వచ్చే ఒక్క కిరణం పూర్తిగా ఆగితే యాభై వేలకు పైగా అన్నమాట. ఫొటోమల్టిప్లయర్ అనే గాజుగొట్టం ఆ కాంతిని విద్యుత్తుగా మార్చి లెక్క చెబుతుంది. హాఫ్‌స్టాటర్‌కి 1961లో వేరే పరిశోధనకు నోబెల్ వచ్చింది గానీ, ప్రపంచంలో ఎక్కువ ప్రయోగశాలల్లోకి చేరింది మాత్రం ఆయన చేసిన ఈ ఉప్పుగల్లే.

ఉప్పుజాతి కదా, దాని బుద్ధి దానిదే. గాలి తగిలితే చెమ్మ పీల్చుకుని మసకబారుతుంది. అందుకే పుట్టినప్పటి నుంచీ అల్యూమినియం డబ్బాలో గాలి చొరకుండా బంధించి ఉంచాలి. దెబ్బ తగిలినా, వేడి చల్లదనం ఒక్కసారిగా మారినా పగుళ్లిస్తుంది.

ఈ ఉప్పుజాతి స్ఫటికాల గురించి మనవాళ్లకు తెలిసినంత ఎక్కువమందికి తెలియదంటే అతిశయోక్తి కాదు. నిజాం కాలేజీలో డిగ్రీ చదివి కలకత్తాలో సి.వి.రామన్ దగ్గర పరిశోధన చేసిన సూరి భగవంతం స్ఫటికాల సౌష్ఠవం మీద ప్రామాణికమైన పుస్తకాలు రాశారు. 1952 నుంచి 1957 వరకు ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగానూ ఉన్నారు. తర్వాతి తరంలో వరంగల్ కాకతీయ విశ్వవిద్యాలయానికి చెందిన డి.బి.సిర్దేశ్‌ముఖ్ సహ పరిశోధకులతో కలిసి సోడియం అయోడైడ్, సీజియం అయోడైడ్ వగైరాలున్న కుటుంబం మొత్తం భౌతిక ధర్మాలను ఒక్కచోట చేర్చి పెద్ద గ్రంథం తెచ్చారు. 2001లో స్ప్రింగర్ సంస్థ ప్రచురించిన ఆ పుస్తకం ఆ రంగంలో పనిచేసేవాళ్లు బల్లమీద పెట్టుకునే రకం.

పొలంలో దిగే పెట్టె

ఆకాశంలోంచి వచ్చే ఎక్స్ కిరణాలను భూమ్మీద నిలబడి పట్టుకోలేం. గాలి వాటిని మింగేస్తుంది. మనకది మేలే గానీ ఖగోళ శాస్త్రజ్ఞులకు ఇబ్బంది. రాకెట్లు ఖరీదు. ఉపగ్రహాలు అప్పటికింకా కల. మిగిలింది బెలూన్.

హోమీ భాభా స్థాపించిన టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ 1950ల నుంచే విశ్వకిరణాల పరిశోధన కోసం హైదరాబాద్‌ని ఎంచుకుంది. తొలిరోజుల్లో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం నుంచి బెలూన్లు ఎగిరేవి. తర్వాత ఈసీఐఎల్ దగ్గర ప్రత్యేకంగా బెలూన్ కేంద్రమే వెలిసింది. బెలూన్లను పాలిథీన్‌తో అక్కడే తయారుచేస్తారు. వీటిని పుట్టినరోజు బుడగల్లా ఊహించుకుంటే పొరపాటే. చార్మినార్ ఎత్తు 56 మీటర్లు. పైకెళ్లి పూర్తిగా ఉబ్బాక బెలూన్ అడ్డుకొలత 50 నుంచి 85 మీటర్లు!

బొంబాయి సంస్థ హైదరాబాద్ దాకా రావడమెందుకు? కారణం నేల కాదు, భూమి అయస్కాంతక్షేత్రం. అయస్కాంత భూమధ్యరేఖకు దగ్గర్లో ఉన్న మన ప్రాంతం మీద ఆ క్షేత్రం గొడుగులా అడ్డుపడుతుంది. సుమారు 1700 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల కన్నా తక్కువ శక్తి ఉన్న ప్రోటాన్లు నిట్టనిలువుగా ఇక్కడికి దిగలేవు. ఉత్తర దేశాల ఆకాశంలో ఇవి కుప్పలు తెప్పలుగా వచ్చి పరికరాన్ని గందరగోళపరుస్తాయి. హైదరాబాద్ మీద ఆ రొద తక్కువ. సంతలో గుసగుస వినపడదు, అర్ధరాత్రి గల్లీలో వినపడుతుంది... అంతే తేడా.

అమెరికన్ శాస్త్రజ్ఞులు 1962లో రాకెట్ సాయంతో వృశ్చికరాశిలో స్కార్పియస్ ఎక్స్-1 అనే ఎక్స్ కిరణాల మూలాన్ని కనిపెట్టారు. ఆరేళ్లు తిరక్కుండానే, 1968లో టాటా సంస్థ బృందం హైదరాబాద్ నుంచి వదిలిన బెలూన్ అదే మూలం నుంచి వచ్చే ఇంకా తీవ్రమైన కిరణాలను కొలిచింది. కొలిచింది సోడియం అయోడైడ్ స్ఫటికమే. వాతావరణంలో 99 శాతానికి పైగా తన కాళ్లకింద వదిలేసి, అంత ఎత్తున ఆ ఉప్పుగల్లు నక్షత్రాల వైపు చూసిందన్నమాట!

అక్కడే ఒక చిక్కు ఎదురైంది. కిరణం ఎదురుగా ఉన్న నక్షత్రం నుంచే వచ్చిందా, పక్కనుంచో వెనకనుంచో దూరిందా? దానికి విరుగుడుగా ప్రపంచమంతటా ఓ ఉపాయం వాడారు. ముందు సోడియం అయోడైడ్ పలక. దాని వెనక ఇంకాస్త బరువైన సీజియం అయోడైడ్ దిమ్మె. రెండింటినీ ఒకే గాజుగొట్టం చూస్తుంటుంది. మొదటిది తళుక్కుమని వెంటనే ఆరిపోతుంది, రెండోది నెమ్మదిగా ఆరుతుంది. ఆరే తీరుని బట్టి కిరణం ఎక్కడ తగిలిందో చెప్పేయొచ్చు. వెనక దిమ్మెలో కూడా మెరిసిందంటే దాన్ని లెక్కలోంచి కొట్టేస్తారు. ఫాస్‌విచ్ అంటారు దీన్ని... సాండ్‌విచ్‌లాంటి పేరు, అలాంటి పరికరం. 1990లలో హైదరాబాద్ నుంచి ఎగిరిన 'లేస్' పరికరం ఈ కోవదే. 2015 సెప్టెంబరు 28న ఇస్రో పంపిన ఆస్ట్రోశాట్‌లోనూ ఒక పరికరం అడుగున సీజియం అయోడైడ్ స్ఫటికం కాపలా కాసింది.

బెలూన్ల రుతువు అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా. ఆ రోజుల్లో పత్రికల్లో ఓ ప్రకటన కనిపిస్తుంటుంది. విశాఖపట్నం-హైదరాబాద్-షోలాపూర్ గీతకు అటూఇటూ, నగరానికి 200 నుంచి 350 కిలోమీటర్ల దూరంలో రంగురంగుల పారాచూట్‌తో పెట్టెలు దిగొచ్చు, విప్పకండి, కదపకండి, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కో పోస్టాఫీసుకో కబురు చెప్పండి, బహుమతి ఇస్తాం అని. ఏ కందిచేలోనో దిగిన ఆ పెట్టె విలువ రైతుకు తెలియకపోవచ్చు. లోపల నెలల తరబడి పెంచిన స్ఫటికం, ఏళ్ల తరబడి తపించిన ప్రయోగం ఉంటాయి. ఎవరైనా కుతూహలం కొద్దీ సుత్తితో ఒక్కటిచ్చుకుంటే అంతే సంగతులు.

బరువెందుకు?

ఎక్స్ కిరణాల వరకు ఉప్పుజాతి సరిపోయింది. శక్తి పెరిగేకొద్దీ దాని బలం చాల్లేదు. గామా కిరణాన్ని ఆపేది పదార్థంలోని ఎలక్ట్రాన్లు. బరువైన మూలకంలో అవి దట్టంగా ఉంటాయి. పరమాణు సంఖ్య కొంచెం పెరిగినా కిరణాన్ని పూర్తిగా మింగే శక్తి ఎన్నోరెట్లు పెరుగుతుంది. సీసం, బిస్మత్, టంగ్‌స్టన్, లుటీషియం... ఇలాంటివి కావాలి. కానీ వాటిని లోహంగా వాడితే చీకటి గోడ. కిరణం ఆగుతుంది, ఆగినట్టు ఎవరికీ తెలియదు.

1973లో వెబర్, మాన్‌షాంప్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు బిస్మత్ జెర్మనేట్ స్ఫటికం గురించి ప్రకటించారు. ముద్దుగా బీజీవో. ఘన సెంటీమీటరుకు 7.13 గ్రాములు. సోడియం అయోడైడ్ బరువు 3.67 గ్రాములే. చెమ్మ భయం లేదు, చేత్తో పట్టుకోవచ్చు. వెలుగు మాత్రం ఉప్పుగల్లు ఇచ్చేదాంట్లో అయిదోవంతు. అయినా 1989లో జెనీవా దగ్గర సెర్న్‌లో మొదలైన ఎల్-3 ప్రయోగంలో దాదాపు 11 వేల బీజీవో స్ఫటికాలు పేర్చారు.

ఆ తర్వాతది ఇంకా విడ్డూరం. సెర్న్‌లోనే సీఎంఎస్ ప్రయోగానికి లెడ్ టంగ్‌స్టేట్ కావాల్సి వచ్చింది. ఘన సెంటీమీటరుకు 8.28 గ్రాములు. ఇనుముది 7.87! అంటే ఇనుము కన్నా బరువైన దిమ్మె, అవతల పెట్టిన పేపరు చదవగలిగేంత తేట. దాని వెలుగు సోడియం అయోడైడ్‌లో వందోవంతు కూడా ఉండదు గానీ సెకనులో వంద కోట్ల వంతుల్ని పాతిక లెక్కపెట్టేలోపు చాలావరకు ఆరిపోతుంది. అక్కడ సరిగ్గా అంత వ్యవధికోసారి ప్రోటాన్ గుంపులు ఢీకొంటాయి కాబట్టి తొందరగా ఆరడమే ముఖ్యం. రష్యా, చైనాల్లో దాదాపు పదేళ్లపాటు పెంచి మొత్తం 75,848 స్ఫటికాలు అమర్చారు. 2012 జులై 4న హిగ్స్ బోసాన్ దొరికిందని ప్రకటించినప్పుడు, అది రెండు గామా కిరణాలుగా విడిపోయిన జాడ సీఎంఎస్‌లో పట్టింది ఈ స్ఫటికాలే. మన దేశం నుంచి టాటా సంస్థ, బార్క్ వంటివి ఆ ప్రయోగంలో భాగస్వాములు. కంది దగ్గరున్న ఐఐటీ హైదరాబాద్ పరిశోధకులు జపాన్‌లోని బెల్-2 ప్రయోగంలో పనిచేస్తున్నారు. అక్కడ ఉన్నవి 8,736 సీజియం అయోడైడ్ స్ఫటికాలు.

పత్తర్‌గట్టి నుంచి పీఈటీ దాకా

ఇవన్నీ పెద్దవాళ్ల ఆటలు, మనకెందుకూ అనుకునేరు. చార్మినార్ పక్కనే పత్తర్‌గట్టిలో ముత్యాల దుకాణాలున్నాయి కదా. ముత్యం సహజమైనదా, లోపల పూస పెట్టి పెంచిందా అన్నది కోయకుండా తేల్చాలంటే రత్నాల పరీక్షా కేంద్రాల్లో ఎక్స్ రే తీస్తారు. ఇప్పటి డిజిటల్ ఎక్స్ రే పలకల్లో చాలావాటికి లోపల సన్నటి సూదుల్లా పెంచిన సీజియం అయోడైడ్ పొర ఉంటుంది. ఎయిర్‌పోర్టులో సూట్‌కేసు మీద పడే చూపు కూడా ఎక్కువగా సింటిలేటర్లదే.

అసలు అవసరం మాత్రం ఆస్పత్రిలో. క్యాన్సర్ ఎక్కడెక్కడికి పాకిందో చూడ్డానికి పీఈటీ స్కాన్ తీస్తారు. ఫ్లోరిన్-18 అతికించిన చక్కెరని రోగి రక్తంలోకి ఎక్కిస్తారు. చక్కెర ఎక్కువగా తినే కణితి దాన్ని లాక్కుంటుంది. అక్కడినుంచి ఒకేసారి రెండు గామా కిరణాలు ఎదురెదురు దిక్కులకి బయల్దేరతాయి. ఒక్కోదాని శక్తి 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. చుట్టూ వలయంలా పేర్చిన స్ఫటికాల్లో రెండూ ఆగితేనే లెక్క. ఒకటి తప్పించుకుంటే రెండోది వచ్చినా వృథా.

ఇక్కడే బరువు విలువ తెలుస్తుంది. ఈ కిరణాల్లో సగాన్ని ఆపడానికి సోడియం అయోడైడ్ అయితే సుమారు 2 సెంటీమీటర్ల మందం కావాలి. బీజీవో అయితే 7 మిల్లీమీటర్లు చాలు. 1992 నాటికి అమెరికాలో చార్లెస్ మెల్చర్ బృందం వెలుగులోకి తెచ్చిన లుటీషియం ఆక్సీ ఆర్థోసిలికేట్, అంటే ఎల్ఎస్‌వోకి 8 మిల్లీమీటర్లు. బీజీవో కన్నా మూడు నాలుగు రెట్ల వెలుగు, ఏడెనిమిది రెట్ల వేగం. రెండు కిరణాల్లో ఏది ఎన్ని క్షణాంశాలు ముందొచ్చిందో కూడా పట్టేసి కణితి ఏవైపుందో లెక్కగట్టగలిగేంత వేగం. ఫలితం ఏమిటంటే, నొప్పితో కదలకుండా పడుకోలేని రోగి బల్లమీద ఉండాల్సిన నిమిషాలు తగ్గుతాయి. ఎక్కించే రేడియోధార్మిక మందూ తగ్గించొచ్చు.

దీనికో వింత గుణం ఉంది. లుటీషియంలో 2.6 శాతం సహజంగానే రేడియోధార్మికం. అంటే కిరణాల్ని పట్టే స్ఫటికమే తనంతట తాను మినుకుమినుకుమంటూ ఉంటుంది! పీఈటీలో అది పెద్ద అడ్డంకి కాదు. బలహీనమైన కిరణాల్ని వెతికేచోట మాత్రం పనికిరాదు.

పటికబెల్లం పద్ధతి

పటికబెల్లం గడ్డలో మధ్యన దారం ఉంటుంది చూశారూ? చిక్కటి పాకంలో దారం వేలాడదీస్తే దానిచుట్టూ చక్కెర స్ఫటికాలు పేరుకుంటాయి. బరువైన ఈ స్ఫటికాలను పెంచడం కూడా స్థూలంగా అలాంటిదే. పోలండ్ శాస్త్రజ్ఞుడు చొక్రాల్‌స్కీ 1916లో కనుక్కున్న పద్ధతిలో కరిగిన పదార్థంలో చిన్న 'విత్తన' స్ఫటికాన్ని తాకించి, తిప్పుతూ గంటకు మిల్లీమీటర్ల లెక్కన పైకి లాగుతారు. ఎల్ఎస్‌వో కరగాలంటే రెండువేల డిగ్రీల సెల్సియస్ దాటాలి. ఆ వేడికి తట్టుకునే మూస ఇరీడియంతో చేయాలి. బంగారంలా ఖరీదైన లోహం. కొలిమి రోజుల తరబడి ఒకే తీరుగా మండాలి. వేడి కాస్త అటూఇటూ అయితే లోపల బుడగో పగులో వస్తుంది. పదిలక్షల్లో కొన్ని వంతులు మలినం చేరినా తేట పోయి పసుపు తిరుగుతుంది. లెడ్ టంగ్‌స్టేట్ విషయంలో రష్యన్లు, చైనీయులు తలపట్టుకున్నది దీనికే. చివరికి నయోబియం, యిట్రియం లాంటివి లేశమాత్రం కలిపి గట్టెక్కారు.

ఈ విద్య మనకు రాదా అంటే వచ్చు. ముంబైలోని బార్క్ సోడియం అయోడైడ్, సీజియం అయోడైడ్, బీజీవోలను పెంచింది. ఈసీఐఎల్ హైదరాబాద్‌లో రేడియేషన్ కొలిచే పరికరాలు తయారుచేస్తోంది. ఈ పరికరాల అవసరం ఎంతో 2010లో ఢిల్లీ మాయాపురి చెప్పింది. ఓ విశ్వవిద్యాలయం వేలంలో అమ్మేసిన పాత యంత్రంలోని కోబాల్ట్-60 తుక్కు దుకాణం చేరి ఒకరి ప్రాణం తీసింది. ఓడరేవుల్లో, ఉక్కు కర్మాగారాల గేట్ల దగ్గర లారీలను జల్లెడపట్టడానికి చవకైన ప్లాస్టిక్ సింటిలేటర్ చాలు. అది 'ఏదో ఉంది' అని అరుస్తుంది. ఉన్నది కోబాల్టా, టైల్స్‌లోని పొటాషియమా అని చెప్పాలంటే స్ఫటికం కావాల్సిందే.

బార్క్ శాస్త్రజ్ఞులు ఆ తర్వాత గడోలినియం, గాలియం, అల్యూమినియం కలిసిన గార్నెట్ స్ఫటికం మీద దృష్టి పెట్టారు. సీరియం చిటికెడు కలిపిన ఈ స్ఫటికం బరువు ఘన సెంటీమీటరుకు 6.6 గ్రాములు. చెమ్మ పీల్చదు, లుటీషియంలా తనంతట తాను మినుకుమనదు, వెలుగు సోడియం అయోడైడ్‌ని మించుతుంది. గడోలినియం ఉంది కాబట్టి న్యూట్రాన్లనూ పడుతుంది. మక్కా మసీదు గ్రానైట్‌లోని పొటాషియాన్ని లెక్కపెట్టడానికైనా, తుక్కు లారీలో కోబాల్ట్‌ని పసిగట్టడానికైనా ఇది భేషుగ్గా సరిపోతుంది. పీఈటీ వలయంలో ఎల్ఎస్‌వో పక్కన నిలబెట్టాలంటే మాత్రం ఇంకొంచెం బరువు, ఇంకాస్త వేగం కావాలి.